రాత్రి అనుకుని పొద్దున్నే బయల్దేరితే: భువనగిరి గుట్ట

"ఒరేయ్, రేపు ఏం చేస్తున్నావ్? ఎటైనా పోదామా?" అని పాత దోస్తు శనివారం రాత్రి ఫోన్ చేస్తే వెంటనే సరే అనెయ్యండి. ఎటు పోవాలన్నది ఆ తర్వాత వాట్సాప్‌లో తేల్చుకుందామనుకుంటే, పదకొండయ్యేసరికి మాట "వచ్చే నెల చూద్దాంలే" దగ్గర ఆగిపోతుంది. అందుకే హైదరాబాద్‌లో ఉండేవాళ్లు ఈ ప్రశ్నకు ఒక జవాబు ముందే దగ్గర పెట్టుకోవాలి. నన్నడిగితే భువనగిరి. ఊరి నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. బస్సుంది, రైలుంది. మాట్లాడుకుంటూ ఎక్కినా గంటలో పైకి చేరతారు, చీకటి పడేలోపు ఇంటికి వచ్చేస్తారు. అనంతగిరి, నల్లమల గొప్పవే గానీ, అనుకోకుండా దొరికిన ఒక్క రోజులో సగం రోడ్డుకే పోతుంది. కలిసేది మాట్లాడుకోవడానికైనప్పుడు చిన్న గుట్టే మేలు.

రాత్రే చూసుకోవాల్సిన వాటిలో మొదటిది బూట్లు. ఉన్నపళంగా వెళ్లే ప్రయాణాల్లో అందరూ చేసే పొరపాటు, అటక మీద మూడు నాలుగేళ్లుగా ఉన్న స్పోర్ట్స్ షూ దించి దుమ్ము దులిపి వేసుకోవడం. పైకి కొత్తగానే కనిపిస్తాయి. కానీ చాలా బూట్ల అడుగుభాగం పాలియురెథేన్‌తో చేస్తారు. వాడకుండా పెట్టేస్తే గాలిలోని తేమకు అది లోపల్లోపలే చివికి పెళుసవుతుంది. అతికించిన జిగురూ పట్టు వదిలేస్తుంది. గుట్ట సగం ఎక్కాక సోల్ నాలుకలా వేలాడితే దిగడం నరకం. అందుకని రాత్రే బూటును రెండు చేతులతో పట్టుకుని విల్లులా వంచండి. అంచు దగ్గర చిన్న చీలిక కనిపించినా, బొటనవేలి గోరుతో నొక్కితే పొడి రాలినా దాన్ని పక్కన పెట్టెయ్యండి. రోజూ వాడే పాత బూట్లే నయం. తోలు అడుగున్న ఆఫీసు బూట్లు, హవాయి చెప్పులు ఈ రాతికి పనికిరావు. కాలిగోళ్లు కూడా కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముందుభాగానికి గుద్దుకుంటూ ఉంటాయి, గోరు పొడుగ్గా ఉంటే మర్నాటికి నల్లబడుతుంది.

రెండోది సద్ది. గుట్ట మీద హోటళ్లేమీ ఉండవు. ఎండలో పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది, చపాతీలు అట్టలవుతాయి. పులిహోరలో చింతపండు, నూనె, ఉప్పు, పసుపు అన్నీ ఉంటాయి కాబట్టి అదే నిలుస్తుంది. ఇద్దరికి గ్లాసున్నర బియ్యం, పెద్ద నిమ్మకాయంత చింతపండు, నాలుగైదు పచ్చిమిరపకాయలు, ఐదు చెంచాల నూనె, గుప్పెడు పల్లీలు సరిపోతాయి. పులుసు రాత్రే ఉడికించి పెట్టుకోండి, ఇరవై నిమిషాల పని. అంచుల్లో నూనె తేలేదాకా దించకూడదు. ముందే దించేస్తే పులుసులో మిగిలిన నీరు అన్నాన్ని ముద్ద చేస్తుంది, త్వరగా పాడు కూడా చేస్తుంది. పొద్దున అన్నం కాస్త బిరుసుగా వండి, పళ్లెంలో పరిచి, వేడి మీదే చెంచా నూనె, పసుపు కలిపి పూర్తిగా ఆరనివ్వండి. అసలు చెడిపోయేది ఇక్కడే. రైలు టైమైపోతోందని వేడివేడి అన్నాన్ని డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. ఆవిరి మూతకు తగిలి నీరై మళ్లీ అన్నంలోకే కారుతుంది, పదకొండుకల్లా వాసన పట్టేస్తుంది. ఫ్యాను కింద పావుగంట ఆరబెడితే చాలు. పల్లీల పోపు కూడా రాత్రి కలపకండి, మెత్తబడిపోతాయి. పొద్దున బయల్దేరే ముందు కలిపితే మధ్యాహ్నానికీ కరకరలాడతాయి.

నీళ్లు తలా రెండు లీటర్లు, ఎండాకాలమైతే మూడు. అన్నీ ఒకరి సంచిలో వేసుకోకుండా ఎవరివి వాళ్లు మోసుకోండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి చాలు. పెద్ద ప్యాకెట్‌కు కచ్చితంగా లీటరు నీళ్లు పట్టాలి. అర లీటరులో కలిపేస్తే ఉప్పు ఎక్కువై దాహం ఇంకా పెరుగుతుంది. దాహమైనప్పుడు ఒకేసారి గటగటా తాగడం కన్నా పావుగంటకోసారి నాలుగైదు గుక్కలు తాగడం మంచిది. షుగర్ మందులు వాడేవాళ్లు జేబులో గ్లూకోజ్ బిళ్లలో, రెండు చాక్లెట్లో ఉంచుకోవాలి. పాత స్నేహితుడే కదా, "బీపీకి మందులేమైనా వాడుతున్నావా, మోకాలు ఎలా ఉంది" అని రాత్రే అడిగెయ్యండి. కాలేజీలో తెలిసిన మనిషే అయినా ఆ మోకాలు ఇప్పుడు వేరు.

వెళ్లే దారి సులువు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట లైన్‌లో భువనగిరి స్టేషన్ ఉంది. ఆ లైన్‌లో వెళ్లే ప్రతి ఎక్స్‌ప్రెస్సూ అక్కడ ఆగదు కాబట్టి రాత్రే చూసుకోండి. లేదంటే మెట్రోలో ఉప్పల్ దాకా వచ్చి, యాదగిరిగుట్ట వైపు వెళ్లే బస్సెక్కండి. వరంగల్ బస్సయితే ఎక్కేముందే కండక్టర్‌ని ఒక మాట అడగండి: ఊళ్లోకి వెళ్తుందా, బైపాస్ మీద దించేస్తుందా? బైపాస్ మీద దిగితే ఆటో వెతుక్కోవాలి. సొంత బండయితే ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా నేరుగా వెళ్లడమే. ఆదివారం యాదగిరిగుట్ట భక్తులతో ఈ రోడ్డు నిండిపోతుంది, కార్తీకమాసంలో ఇంకా ఎక్కువ. పొద్దున ఏడులోపు ఉప్పల్ దాటెయ్యాలి. కోటకు టికెట్ గేటు ఉంది. సూర్యోదయం పైనుంచి చూద్దామని చీకట్లోనే బయల్దేరితే గేటు తీసేదాకా బయట కూర్చోవాలి. ఊళ్లో నింపాదిగా టిఫిన్ చేసి, గేటు తీసే వేళకు చేరుకోవడమే సరైన లెక్క. చిల్లర దగ్గర పెట్టుకోండి.

గుట్టను కింద నిలబడి ఒకసారి బాగా చూడండి. ఇది రాళ్ల కుప్ప కాదు, ఒకటే రాయి. ఊరి మధ్య 500 అడుగులకు పైగా లేచిన ఏకశిల, పక్కకు ఒరిగిన గుడ్డులా ఉంటుంది. పైన దాదాపు 40 ఎకరాల్లో కోట విస్తరించి ఉంది. పశ్చిమ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడికి త్రిభువనమల్లుడన్న బిరుదుంది. ఆయన పాలించింది 1076 నుంచి 1126 దాకా. కోట ఆయన కట్టించిందే, త్రిభువనగిరి అన్న పేరే వాడుకలో భువనగిరి అయింది. 1708లో, మొఘల్ పాలన మీద తిరగబడ్డ సర్వాయి పాపన్న వరంగల్ మీద దాడి చేసి, ఆ తర్వాత ఈ ఊరి మీద పడ్డాడు. కింద నిలబడి ఈ నున్నటి గోడలాంటి రాతిని చూస్తే, పైనున్నవాళ్లకు ఎంత ధీమా ఉండేదో తెలుస్తుంది.

మొదట మెట్లుంటాయి, రాతిలో తొలిచినవి. ఎత్తు ఒకేలా ఉండదు, ఒకటి జానెడుంటే తర్వాతది మూరెడుంటుంది. కాబట్టి ఫోన్ చూస్తూ ఎక్కకండి. ఇద్దరిలో నెమ్మదిగా నడిచేవాళ్లే ముందుండాలి. వేగంగా నడిచే మనిషి ముందుంటే, వెనకవాళ్లు చేరుకునే సరికి అతని విశ్రాంతి అయిపోతుంది, లేచి మళ్లీ నడుస్తాడు, వెనకవాళ్లకు ఆగడమే ఉండదు. సరైన వేగానికి కొలత ఒకటే: పూర్తి వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలగాలి. రెండేసి మాటలకు ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఆగండి.

మెట్లు దాటాక ఏటవాలు బండ వస్తుంది. ఇక్కడ రాయి రంగు చదవడం నేర్చుకోవాలి. బూడిద రంగులోనో, లేత గులాబీ రంగులోనో గరుకుగా ఉన్నచోట బూటు బాగా పట్టుకుంటుంది, చేత్తో తడిమితే ఉప్పుకాగితంలా తగులుతుంది. పైనుంచి కిందికి నల్లటి చారలు కనిపిస్తాయి. అవి వాననీరు పారే దారులు, వాటి మీద నాచు పొర ఎండి అతుక్కుని ఉంటుంది. ఎండలో పర్వాలేదు గానీ నాలుగు చినుకులు పడ్డాయంటే సబ్బు రాసినట్టే. వానాకాలంలో చారలను తొక్కకుండా దాటలేకపోతే వెనక్కి వచ్చెయ్యండి. ఇంకొకటి, గ్రానైట్ బండ ఎండకు వ్యాకోచించి, రాత్రికి సంకోచించి, ఏళ్ల తరబడి ఉల్లిపొరల్లా పైపొరలు విడుస్తుంది. వేలిమందం పెచ్చులు బండ మీద విడిగా పడి ఉంటాయి. వాటి మీద అడుగేస్తే పెచ్చుతో పాటు మనిషీ జారతాడు. పాదం పెట్టే ముందు ముందుభాగంతో ఒకసారి నొక్కి చూడండి.

కోతుల సంగతి. వాటికి ప్లాస్టిక్ కవర్ చప్పుడంటే తిండి అని తెలుసు. డబ్బా గుడ్డసంచిలో, గుడ్డసంచి జిప్పున్న బ్యాగులో ఉండాలి. పళ్లు కనిపించేలా నవ్వడం, కళ్లలోకి చూడడం వాటి లెక్కలో బెదిరింపు. సంచి పట్టుకుంటే గుంజులాడకుండా వదిలెయ్యండి. కరిచినా, రక్కినా పుండును సబ్బుతో పావుగంట పారే నీళ్ల కింద కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

పైన, కోటలో అన్నిటికన్నా ఎత్తున ఉన్న బాలాహిసార్ కట్టడం నీడలో కూర్చోవచ్చు. కింద ఊరు, చెరువు, రైలు కట్ట అన్నీ కనిపిస్తాయి. దారిలో కనిపించే నీటి గుంటల దగ్గర మాత్రం కాసేపు ఆగండి, ఈ కోటకు ప్రాణం అవే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్లు. ఎకరం నాలుగు వేల చదరపు మీటర్లు. కాబట్టి 20 మిల్లీమీటర్ల వాన ఒకటి పడితే ఎకరం బండ మీద 80 వేల లీటర్లు పడతాయి. మట్టి లేదు కాబట్టి ఇంకిపోయేది తక్కువ, ఎక్కువ భాగం పారుతుంది. ఆ పారే దారికి అడ్డంగా గుంటలు తొలిపించి, పిడికెడు మట్టి లేని రాతి మీద నీళ్లు నిలబెట్టారు. వాటి అంచులు పాకుడు, లోతు తెలియదు. దిగకండి.

ఈ బండ మీదే రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఇక్కడే. ఆ ఏటవాలులో తాడు, హెల్మెట్ లేకుండా ఫోటో కోసం దిగొద్దు.

పన్నెండు లోపు దిగడం మొదలుపెట్టండి. మధ్యాహ్నానికి బండ వేడెక్కి కింది నుంచి కూడా సెగ కొడుతుంది, దానికి టోపీ ఏమీ చెయ్యలేదు. చలికాలంలో రెండు మూడింటిదాకా ఉండొచ్చు. మే నెలలో, వానాకాలం చివర్లో మబ్బు పట్టి మెరిస్తే, మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పైలోపు ఉరిమిందంటే వెంటనే దిగాల్సిందే, బోడి గుట్ట మీద అందరికన్నా ఎత్తున నిలబడేది మీరే.

దిగే ముందు బూటు తాళ్లు చీలమండ దగ్గర బిగించి కట్టండి. భయంతో వెనక్కి వాలితే మడమ ఒక్కటే ఆనుతుంది, అప్పుడే జారతారు. మోకాళ్లు కొంచెం వంచి, పాదం మొత్తం ఆనించి, బరువు పాదాల మీదే ఉండేలా చిన్న అడుగులు వెయ్యాలి. తిన్నగా దిగకుండా అటోసారి ఇటోసారి అడ్డంగా నడిస్తే ఏటవాలు తగ్గుతుంది, మోకాలి మీద భారమూ తగ్గుతుంది. బాగా నిటారుగా ఉన్నచోట రాతివైపు తిరిగి నిచ్చెన దిగినట్టు దిగొచ్చు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మాత్రం దిగకండి, ఒకరు జారితే ఇద్దరూ పోతారు. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు ముందు నడవాలి, రెండోవాళ్లు నాలుగడుగుల దూరంలో, ఒక పక్కకు ఉండాలి.

కిందికి వచ్చాక ఊళ్లో చాయ్ తాగి, మూడింటికల్లా బస్సెక్కితే నారపల్లి నుంచి ఉప్పల్ దాకా సాయంత్రం రద్దీ తప్పుతుంది. ఇంకా టైముంటే యాదగిరిగుట్ట పదిహేను కిలోమీటర్లలోపే. కానీ ఆదివారం దర్శనానికి ఎంతసేపు పడుతుందో కనుక్కున్నాకే బండి అటు తిప్పండి.