బాయిలర్ మనిషికీ అదే మగ్గు

ఇంగ్లండ్‌లో పిల్లల్ని పెంచే మనవాళ్ళకి భాష గురించి, తిండి గురించి బెంగ. తెలుగు మర్చిపోతారేమో, పప్పన్నం ముట్టరేమో అని. మా ఇంట్లో మాత్రం ఎక్కువ గొడవలు టీ దగ్గరే వచ్చాయి. ఇంటికొచ్చిన మనిషిని టీ తాగుతారా అని అడగాలా, అడక్కుండా చేతికిచ్చెయ్యాలా?

మేముండేది రెడింగ్‌లో. ఇక్కడ ఎవరినైనా గుమ్మం దాటి లోపలికి రానిచ్చామంటే కెటిల్ ఆన్ చెయ్యాల్సిందే. మీటర్ మార్చడానికొచ్చినా, కార్పెట్ వెయ్యడానికొచ్చినా, పక్కింటి పెద్దావిడ తన పార్సిల్ తీసుకెళ్ళడానికొచ్చినా "టీ తాగుతారా?" అని అడుగుతాం. "పాలు పోసి, రెండు స్పూన్ల పంచదార" అని వాళ్ళు మొహమాటం లేకుండా చెప్తారు. లేదంటే "వద్దండీ, థాంక్యూ" అంటారు. నిజంగా వద్దా అని ఇంకొక్కసారి అడగొచ్చు. మూడోసారి అడిగితే విసిగించినట్టే.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. అక్కడ మొదటి "వద్దు" లెక్కలోకే రాదు. ముందు మంచినీళ్ళు, ఆ తర్వాత "కాఫీనా, టీనా?" అన్నంత వరకే వచ్చినవాళ్ళకి ఛాయిస్. "ఇప్పుడే తాగి బయల్దేరామమ్మా" అన్నది మాటవరసకి అనే మాట. అది విని ఊరుకున్నామంటే పెట్టడం ఇష్టం లేదనుకుంటారు.

మా అమ్మాయి ఎనిమిదేళ్ళప్పుడు, లండన్‌లోని హౌన్‌స్లో అనే పేట నుంచి మా పెద్దనాన్న వచ్చారు. నేను మేడ మీద ఫోన్లో ఉన్నాను. "తాతగారూ, టీ తాగుతారా?" అని ఇది చక్కగానే అడిగింది. "వద్దులేమ్మా" అన్నారాయన. "ఓకే" అని వెళ్ళి బొమ్మలేసుకుంటూ కూర్చుంది. నేను దిగొచ్చేసరికి ఆయన టీ లేకుండా అరగంట గడిపి, వాతావరణం గురించి మాట్లాడుతున్నారు. ఆయన వెళ్ళాక నేను గుచ్చిగుచ్చి అడిగితే, "వద్దన్నారు కదా అమ్మా, మళ్ళీ అడిగితే ఆయన మాట విననట్టు కాదా?" అంది. బడిలో దానికి నేర్పేది అదే: ఎదుటివాళ్ళు వద్దంటే ఆగాలి. ఆడపిల్ల తల్లిగా ఆ పాఠం నాకు చాలా అవసరం. పెద్దనాన్న మొహమాటం కోసం దాన్ని పాడుచేసుకోవడం నాకిష్టం లేదు.

దీనికి అటువైపు కథ కూడా ఉంది. మా అమ్మ విజిట్ వీసా మీద వచ్చి ఉన్న చలికాలంలో, ఇంటిని వెచ్చబెట్టే బాయిలర్ ఆగిపోయింది. బాగుచెయ్యడానికొచ్చిన కుర్రాడు టీ వద్దన్నాడు. అమ్మ వింటుందా! అల్లం దంచి, పాలల్లో టీ పొడి వేసి పొంగించి, పక్కన జంతికలు పెట్టి "తీసుకో నాయనా" అని తెలుగులోనే చెప్పి చేతిలో పెట్టింది. మా అబ్బాయికి తల కొట్టేసినట్టయింది. "అమ్మమ్మా, అతను నో అన్నాడు!" అంటాడు. "వాడి మొహం చూడరా, చలికి ఎలా వాడిపోయిందో" అంటుంది అమ్మ. కుర్రాడు మగ్గు ఖాళీ చేశాడు, జంతికలు జేబులో వేసుకున్నాడు. అది మర్యాదకా, రుచికా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు.

ఈ దేశానికి టీ అంటే ఎంత పట్టింపో పిల్లలే నాకు చెప్తుంటారు. 1662లో రెండో చార్లెస్‌ని పెళ్ళాడి పోర్చుగల్ నుంచి వచ్చిన కేథరిన్ రాణి దర్బారులో టీ ఫ్యాషన్ చేసిందని ఒకరు. 1990 వరల్డ్ కప్ సెమీఫైనల్లో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీ మ్యాచ్ అయిపోగానే కరెంటు వాడకం ఒక్కసారిగా 2,800 మెగావాట్లు పెరిగిందని ఇంకొకరు. జనం లేచి కెటిళ్ళు పెట్టుకోవడం అందులో పెద్ద కారణమట. మన రామగుండం ఎన్టీపీసీ థర్మల్ స్టేషన్ మొత్తం సామర్థ్యమే 2,600! రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, టీ మీద రేషన్ పెట్టారు: మనిషికి వారానికి రెండు ఔన్సులు, అంటే దాదాపు 56 గ్రాములు. కప్పుకి రెండు గ్రాముల లెక్కన రోజుకి నాలుగు కప్పులు. 1952 దాకా టీకి రేషనే. అలాంటి రోజుల్లో ఎవరైనా టీ ఇచ్చారంటే తమ వాటాలోంచి తీసి ఇచ్చినట్టే.

నాకు మాత్రం ఇంగ్లిష్ టీ అంటే పెద్దది పుట్టిన రాత్రే గుర్తొస్తుంది. కాన్పయిన కాసేపటికి నర్సమ్మ టీ, వెన్న రాసిన టోస్టు తెచ్చిపెట్టింది. ఇక్కడి ప్రసూతి వార్డుల్లో అది మామూలే. పథ్యం, వాము, ఇంగువ అంటూ ఫోన్లో చెప్పిన అమ్మ మాటలన్నీ పక్కనపెట్టి తిన్నాను.

ఇంగ్లిష్ వాళ్ళు ఈ విషయంలో పుణ్యాత్ములని కాదు. కప్పులో ముందు పాలు పోస్తే ఒక తరగతి, తర్వాత పోస్తే ఇంకో తరగతి అని ఎంచిన మనుషులే వీళ్ళు. చిక్కటి టీకి తాపీ పనివాళ్ళ టీ అని పేరు పెట్టిందీ వీళ్ళే. వీళ్ళ కప్పుల కోసం అస్సాం తోటల్లో కూలీలు పడ్డ పాట్లు చెప్పనక్కర్లేదు. అయినా నా పిల్లలు ఈ ఇళ్ళల్లో చూసి నేర్చుకున్నది ఒకటుంది. బాయిలర్ మనిషి తాగిన మగ్గు సింకులో కడిగి, మళ్ళీ అదే షెల్ఫులో పెడతారు. మర్నాడు అందులోనే ఇంటాయన తాగుతాడు. ఇది చెప్పుకోదగ్గ సంగతని కూడా పిల్లలకి తెలియదు.

అందుకే పోయిన వేసవిలో మా ఊరెళ్ళినప్పుడు చిక్కొచ్చింది. అమ్మ ఇంట్లో పనిచేసే ఆవిడకి ఒక స్టీలు గ్లాసుంది. అది వంటింటి కిటికీ బయట ఉంటుంది. టీ అందులో పై నుంచి పోస్తారు. ఆవిడే కడిగి అక్కడే బోర్లిస్తుంది. మా ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి నా చిన్నప్పుడు నేనూ చూశాను. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. హోటల్లో ఇప్పుడు అందరికీ కాగితం కప్పులే. ఇళ్ళల్లో కిటికీలు మాత్రం అలాగే ఉన్నాయి.

మా అమ్మాయి, అలవాటు ప్రకారం, ఆవిడనీ అడిగింది: "ఆంటీ, టీ తాగుతారా? పంచదార ఎంత?" ఆవిడ ముందు నవ్వింది. తర్వాత "ఎక్కువెయ్యమ్మా" అంది. ఇది పింగాణీ కప్పులో తీసుకెళ్తే మాత్రం చెయ్యి చాపలేదు, అమ్మ వైపు చూసింది. ఆ చూపుకి కారణం నాకు తెలుసు. మేము నెలకి వెళ్ళిపోతాం, ఆవిడ రేపూ ఎల్లుండీ ఈ ఇంటికే రావాలి. అమ్మ ఏమీ అనలేదు. నేనే కప్పు తీసుకెళ్ళి ఆవిడ పక్కన అరుగు మీద పెట్టి, నా కప్పు కూడా తెచ్చుకుని కూర్చున్నాను. చల్లారాక తాగింది.

అప్పట్నుంచి అమ్మ ఆవిడ టీలో పంచదార ఎక్కువేస్తోంది. గ్లాసు మాత్రం కిటికీలోనే ఉంది. మా అమ్మాయి ప్రతి వీడియో కాల్‌లోనూ దాని సంగతి అడుగుతుంది. అమ్మేమో సిగ్నల్ సరిగ్గా లేదంటుంది.