రంగు పోయింది, క్రోమియం పోలేదు: నా ప్రాజెక్టు అనుభవం

రిపోర్టు మీద చివరి సంతకం ఈ పొద్దునే పడింది. మంట చల్లారకముందే రాసేస్తున్నాను. ఆగితే నేను కూడా "అదంతా నేర్చుకోవడంలో భాగమేలే" అని నవ్వేసే రకంగా మారిపోతానేమో.

నా పని రంపపు పొట్టుతో నీళ్లలోని క్రోమియం తీయడం. ఎలక్ట్రోప్లేటింగ్ నుంచి వచ్చే వ్యర్థ జలాల్లో క్రోమియం సిక్స్ ఉంటుంది, క్యాన్సర్ తెచ్చే రకం. క్రోమియానికే ఇంకో రూపమైన క్రోమియం త్రీ దానంత విషం కాదు. పొట్టు జల్లెడ పట్టాను, కడిగాను, ఆరబెట్టాను. లీటరుకు 2.829 గ్రాముల పొటాషియం డైక్రోమేట్ కలిపితే 1000 మిల్లీగ్రాముల క్రోమియం ఉన్న ద్రావణం వస్తుంది. దాన్ని లీటరుకు 50 మిల్లీగ్రాములకు పలుచన చేసి, పీహెచ్ 2కి దించి, పొట్టు వేసి షేకర్ మీద పెట్టాను. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు.

మరునాటికి క్రోమియం సిక్స్ ఇచ్చే పసుపు రంగు మాయం. డీపీసీ (డైఫినైల్ కార్బజైడ్ అనే పరీక్ష రసాయనం) కలిపి, రంగు ఎంతుందో 540 నానోమీటర్ల కాంతి దగ్గర కొలిచి చూస్తే సున్నా. క్రోమియం సిక్స్ ఉంటే డీపీసీతో ఊదా గులాబీ రంగు రావాలి, చుక్క కూడా రాలేదు. గైడ్ సార్ "నూరు శాతం! రాసేయ్" అన్నారు. నాకెందుకో మనసొప్పక అవే శాంపిళ్లను, నీళ్లలో లోహం ఎంతుందో కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ మెషీన్‌కి, అంటే ఏఏఎస్‌కి పంపాను.

ఆ మెషీన్ ఉన్న సెంటర్ గురించి ఒక్క మాట. శాంపిళ్లను 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, నైట్రిక్ ఆసిడ్‌తో పీహెచ్ 2 కిందికి తెచ్చి ఇవ్వాలట. న్యాయమే. ఆ సంగతి ఫారం మీద ఎక్కడా ఉండదు, సీసాలు వెనక్కి పంపేటప్పుడే చెబుతారు. మీరు ముందే అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

ఫలితం వచ్చాక తల తిరిగింది. డీపీసీ సున్నా అన్న నీళ్లలోనే ఏఏఎస్ లీటరుకు 17 మిల్లీగ్రాముల దాకా క్రోమియం ఉందంటోంది. సార్‌కి చూపిస్తే "ఏఏఎస్ టేబుల్ తీసెయ్యమ్మా, అందరూ డీపీసీతోనే రాస్తారు" అన్నారు. తియ్యలేదు. మొండితనం అనుకుంటే అనుకోండి, ఈ ప్రాజెక్టులో నేను చేసిన గొప్ప పని అదే.

దాని ఫలం రివ్యూ రోజు దక్కింది. కమిటీలో ఒకాయన రెండు టేబుళ్లనూ పక్కపక్కన పెట్టి, "ఏమ్మా, ఒకే సీసాలో నీళ్లకి రెండు లెక్కలా? ఏది నువ్వు కొలిచింది, ఏది కల్పించింది?" అన్నారు. గదిలో నవ్వులు. "పొట్టు పోసి కలియబెట్టడం కెమిస్ట్రీ అనిపించుకోదు" అని ఇంకోటి తగిలించారు. మా సార్ ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. నేను నోరు తెరిచేలోపే "నెక్స్ట్" అన్నారు. జూనియర్ల ముందు ల్యాప్‌టాప్ మూసుకుని బయటికి రావడం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

తర్వాత నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. ఒక అంకె దగ్గర కళ్లు ఆగాయి. ప్రతి ఫ్లాస్క్‌లోనూ పీహెచ్ 2.0తో మొదలై 2.3 దగ్గర తేలింది. క్రోమియం లేకుండా ఉత్త ఆసిడ్‌లో పొట్టు వేసిన ఫ్లాస్క్‌లో మాత్రం కదల్లేదు. అంటే ఆసిడ్‌ను ఏదో చర్య తినేస్తోంది. పొట్టులో సహజంగా ఉండే లిగ్నిన్, టానిన్‌లు ఎలక్ట్రాన్లు ఇస్తే, ఆ ఆసిడ్‌లో క్రోమియం సిక్స్ కాస్తా క్రోమియం త్రీ అయిపోతుంది. ఈ మార్పుకు హైడ్రోజన్ అయాన్లు ఖర్చవుతాయి కాబట్టే పీహెచ్ పెరిగింది. డీపీసీ చూసేది సిక్స్‌ని మాత్రమే, ఏఏఎస్‌కి రెండూ ఒకటే. రెండు లెక్కలూ నిజమే!

మరి ఆ త్రీ పొట్టుకి అంటుకోదా? పీహెచ్ 2 దగ్గర పొట్టు ఉపరితలం ధనావేశంతో ఉంటుంది. సిక్స్ నీళ్లలో ఉండే రూపమైన, రుణావేశమున్న క్రోమేట్‌ను అది లాక్కుంటుంది. ధనావేశమున్న త్రీని దగ్గరికి రానివ్వదు. అందుకే త్రీలో చాలా భాగం నీళ్లలోనే మిగిలిపోయింది.

రుజువు కోసం మళ్లీ ఆ సెంటర్ గడప తొక్కలేదు. డీపీసీ సున్నా చూపించిన నీళ్లనే తీసుకుని, వేడి చేస్తూ, త్రీని సిక్స్‌గా మార్చే పర్మాంగనేట్ చుక్కచుక్కగా వేశాను. పొట్టు నుంచి దిగిన గోధుమ రంగు పదార్థం కూడా పర్మాంగనేట్‌ను తినేస్తుంది. పర్మాంగనేట్ రంగు నిలిచేదాకా ఓపిగ్గా వేస్తూనే ఉండాలి. మిగిలిపోయిన పర్మాంగనేట్‌ను సోడియం అజైడ్‌తో పోగొట్టి, నీళ్లు పూర్తిగా తేటపడ్డాక చల్లార్చి డీపీసీ కలిపాను. ఊదా గులాబీ భగ్గుమంది. త్రీ మళ్లీ సిక్స్‌గా మారి దొరికిపోయింది. ల్యాబ్‌లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది, గట్టిగానే అరిచాను. (అజైడ్‌ను ఫ్యూమ్ హుడ్ బయట ముట్టుకోవద్దు. ఆసిడ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.)

ఆ తర్వాత పీహెచ్ 5కి పెంచి, కొత్త పొట్టు వేస్తే త్రీ కూడా చాలావరకు అంటుకుంది. అయినా తాగునీటిలో మొత్తం క్రోమియం లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నా నీళ్లు దాని దరిదాపుల్లోకి కూడా రాలేదు. గమనించండి, ఆ పరిమితి "మొత్తం" క్రోమియానికి. డీపీసీ ఒక్కటే చేసి నూరు శాతం తీశామని అచ్చేసుకున్న పేపర్లు ఎన్ని చదివానో! వాళ్లెవరికీ ఈ ప్రశ్న పడలేదు. నిజం చెప్పిన నాకు పడింది.

"చవక పదార్థం" అన్న మాటతో కూడా నాకు పేచీ ఉంది. పొట్టు చవకే. వేల లీటర్ల నీటిని పీహెచ్ 2కి దించడానికి ఆసిడ్, మళ్లీ పైకి తేవడానికి క్షారం ఎవరిస్తారు? ఈ విధానం ముందే ఆమ్లంగా ఉన్న ప్లేటింగ్ నీళ్లకి పనికొస్తుంది. ఇంటి బావికి కాదు.

ఫైనల్ వైవాలో అదే పెద్దాయన. పర్మాంగనేట్ గ్రాఫ్ చూసి, "అయితే మొదట్నుంచీ పీహెచ్ 5లోనే ఎందుకు చెయ్యలేదు?" అని అడిగారు. ఆసిడ్ తగ్గితే సిక్స్ త్రీగా మారడం బాగా నెమ్మదిస్తుందని చెప్పాను. "ఊఁ" అని సంతకం పెట్టారు. ఆ రోజు అన్న మాటల ఊసే లేదు.

ఇంక మిగిలింది వాడేసిన పొట్టు. క్రోమియం పట్టిన దాన్ని చెత్తలో పారేయకూడదు, డబ్బాలో సీల్ చేసి లేబుల్ వేసి ప్రమాదకర వ్యర్థాల గదిలో అప్పగించాలి. దానికీ ఒక ఫారం ఉంది, దానికీ గైడ్ సంతకం కావాలి. సార్ సెలవులో ఉన్నారు.