ఎల్.డబ్ల్యూ. 7

2025 ఏప్రిల్ 8న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో ఐదుగురి ఉరిశిక్షను హైకోర్టు ఖాయం చేసింది. ఆ రోజు హన్మకొండలో టీవీ ముందు కూర్చొని నేను సాక్షుల గురించే ఆలోచించాను. 157 మంది! 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం సైకిళ్ల మీద పెట్టిన రెండు బాంబులు 18 మందిని చంపేశాయి. అలాంటి కేసులో బోనెక్కి చెప్పడానికి ఎంత గుండె కావాలి! మక్కా మసీదు పేలుడు కేసులో అరవై మందికి పైగా సాక్షులు ముందు చెప్పిన మాట మీద నిలబడకుండా ఎదురు తిరిగారు. 2018లో విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ కోర్టు విడిచిపెట్టింది.

ఎదురు తిరిగిన సాక్షి గురించి అందరూ మాట్లాడతారు. చనిపోయిన సాక్షి గురించి ఎవరూ మాట్లాడరు.

నేను కోర్టులో బెంచ్ క్లర్కుగా చేశాను. చాలా ఏళ్ల కిందటి ఒక హత్య కేసు ఇప్పటికీ నన్ను వదలలేదు. చూసినవాడు ఒక్కడే, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. చార్జిషీటులోని సాక్షుల జాబితాలో ఏడో మనిషి, అంటే ఎల్.డబ్ల్యూ. 7. వాయిదా రోజు అటెండర్ మూడుసార్లు పేరు పిలిచాడు. సమన్ల కాగితం పట్టుకొని ఆయన భార్య వచ్చింది.

"ఆయన లేడు సారు. బాయిల పడి సచ్చిపోయిండని రాసిండ్రు. ఆయనకు ఈతొచ్చు సారు."

ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆమే మళ్లీ అడిగింది: "ఆయన చెప్పిన మాట మీ తాన ఉన్నదా?"

ఉంది. కేసు కట్టలో ఒకటిన్నర పేజీ. కానీ పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం ఉండదు, అది సాక్ష్యం కిందికి రాదు. మేజిస్ట్రేటు ముందు చెప్పించి ఉన్నా, ఎదుటి లాయరు ఎదురు ప్రశ్నలు వేసి క్రాస్ చేయనిదే అది ఒంటరిగా నిలబడేది కాదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేకపోయాను. ఆ సాక్షిని వదులుకుంటున్నామని ప్రాసిక్యూటర్ మెమో వేశారు. వాయిదా వాయిదాకూ ఏం జరిగిందో రాసే డాకెట్ షీటులో "ఎల్.డబ్ల్యూ. 7 మృతి, గివప్" అని రాసింది నా చెయ్యే. కేసు కొట్టేశారు. బావి దగ్గర ఏం జరిగిందో ఆ కట్టలోకి రానేలేదు. అది వేరే స్టేషన్‌లో, వేరే నంబరు మీద, అనుమానాస్పద మృతిగా మూతపడింది.

నాకు మండేది అక్కడే. సాక్షి చచ్చిపోతే ఆ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు అసలు కేసు విచారించే జడ్జి ముందుకు ఎవరూ అడగకుండానే రావాలి. ఉగ్రవాద కేసుల్లోనైతే మరీను. వాటి విచారణ ఏళ్లకేళ్లు సాగుతుంది, సాక్షి అన్నేళ్లూ భయంతో బతకాలి.

2018 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. జిల్లా జడ్జి అధ్యక్షతన కమిటీ ఉంటుంది. పోలీసులు ముప్పు ఎంతుందో రిపోర్టు ఇస్తారు. దాన్నిబట్టి ఫోన్ నంబరు మార్పించడం, ఇంటి దగ్గర కాపలా, కోర్టుకు తోడు పంపడం వంటివి చేయవచ్చు. అయితే దరఖాస్తు పెట్టాలి. బస్తాలు మోసే మనిషికి ఆ సంగతి ఎవరు చెప్తారు? 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో, పదేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి మాటను మేజిస్ట్రేటు తప్పనిసరిగా రాయాలి. ఆ మాట ఒంటరిగా నిలబడకపోయినా సరే, మీ ఇంట్లో ఎవరైనా సాక్షి అయితే, ఆ పని వెంటనే చేయించమని స్టేషన్‌లో అడగండి.

జరగకూడనిది జరిగితే, శవ పంచనామాలో మీ మాట రాసేటప్పుడు, "ఈయన ఫలానా కేసులో సాక్షి" అని పట్టుబట్టి రాయించండి. కేసు నంబరుతో సహా.