వగరు

"నేరేడుపండు తిన్నట్టుంది బావా" అన్నాను, మొదటి గుక్కకే. నాలుక పట్టేసింది.

చిత్తూరులో మా మేడ మీద, ఇందాక. బావ కాలిఫోర్నియా నుంచి తెచ్చిన నాపా లోయ ఎర్ర వైన్, కేబర్నే సావిన్యాన్ అనే ద్రాక్షతో చేసింది. గాలి తగలాలని గంట ముందే స్టీలు జగ్గులోకి వంచిపెట్టాడు.

ఆ వగరు టానిన్ అనే పదార్థం వల్లనట. ఈ ద్రాక్షకు కాయ చిన్నది, తోలు మందం. వగరు ఎక్కువగా తోలులో, గింజల్లో ఉంటుంది. మంచి సీసాలు ఏళ్ల తరబడి నిలవడానికి దాని బలం కూడా ఒక కారణం.

1976లో పారిస్‌లో ఫ్రెంచి జడ్జీలు పేర్లు చూడకుండా రుచి చూసి, ఫ్రాన్స్‌లోని బోర్డో వైన్ మహామహుల్ని దాటించి నాపాకు చెందిన స్టాగ్స్ లీప్ వైనరీ వారి 1973 పంట కేబర్నేను మొదట నిలబెట్టారు. ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. పేరు కనబడకపోతే నాలుక ఎంత నిజాయితీగా ఉంటుందో!

ఇంకో సంగతి. ఇంత చిక్కటి ఎరుపు ద్రాక్షకు తల్లిదండ్రుల్లో ఒకటి తెల్లది, సావిన్యాన్ బ్లాంక్. రెండోది కేబర్నే ఫ్రాంక్. 1990ల్లో డీఎన్ఏ పరీక్ష చేసేదాకా ఎవరికీ రుజువు దొరకలేదు.

అక్క మటన్ వేపుడు తెచ్చింది. ఒక ముక్క నమిలి మళ్లీ తాగాను. వగరు మెత్తబడింది, వెనకనుంచి పండు రుచి వచ్చింది.

జగ్గు ఖాళీ అయ్యాక కూడా అడుగున వాసన చూస్తూ కూర్చున్నాను.