బీపీ అంటే కోపం అనుకున్నాం

మా ఇంట్లో బీపీ అంటే కోపం. "నాకు బీపీ తెప్పించకండి" అని నాన్న అంటే అందరం పక్కకి తప్పుకునేవాళ్లం. తాతకి 52 ఏళ్లకే పక్షవాతం వచ్చి మూడో రోజు పోయాడు. ఆయన కోపం గురించి ఒడిశా పర్లాకిమిడిలో మా వీధంతా కథలుగా చెప్పుకునేవారు. నాన్నకి 57వ ఏట కుడి చెయ్యి, మాట పడిపోయాయి. "ఈ వంశానిది వేడి రక్తం" అనేది మామ్మ. నేను మాత్రం కోపం దిగమింగుకుంటూ పెరిగాను. కోప్పడకపోతే నాకు రాదని గట్టిగా నమ్మాను.

నా 36వ ఏట, 30 దాటినవాళ్లందరికీ బీపీ, షుగరు చూస్తున్నారని ఆశా దిది పిలిస్తే, కుట్టుమిషను మీంచి లేచి వెళ్లాను. 162/104 వచ్చింది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 158/102. "లుణొ కొమ్ ఖాఆంతు" అని, ఉప్పు తగ్గించమని ఒడియాలో మెల్లగా చెప్పి, పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది నర్సమ్మ. నాకు తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు. ఆ పొద్దున్నే ఆరు జాకెట్లు కత్తిరించి వచ్చాను.

నిజానికి అంతకు మూడేళ్ల ముందు జ్వరమని ఒక క్లినిక్‌కి వెళ్తే పై అంకె 150 చూపించింది. "ఈ వయసులో బీపీ ఏంటమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని పంపేశారు. మా ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ మూడేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

బరంపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో డాక్టరమ్మ మందు రాసే ముందు కాగితం నా ముందుకి తోసింది. తాత నుంచి పిల్లల దాకా ఎవరికి బీపీ ఉంది, ఏ వయసులో వచ్చింది, ఎవరు దేనితో పోయారు, అన్నీ రాయమంది. రాస్తుంటే మేనత్త దగ్గర చెయ్యి ఆగిపోయింది. జీవితంలో గొంతెత్తి ఎరగని మనిషి. ఆవిడకి 45 ఏళ్లకే 180 ఉండేది. మరి కోపం సంగతి ఏమైనట్టు?

అదే అడిగాను. కోపం వస్తే బీపీ కాసేపు పెరిగి దిగిపోతుంది, ఈ జబ్బు అది కాదు అంది. మనకి వచ్చేది ఒక్క జన్యువుతో వచ్చే రకం కాదట. వెయ్యికి పైగా జన్యు స్థానాలు తలా కాస్త పెంచుతాయి. వాటి వల్ల కొందరి కిడ్నీలు ఉప్పుని తొందరగా బయటికి వదలవు. అమ్మానాన్నల్లో ఒకరికి ఉన్నంత మాత్రాన మనకి తప్పక వస్తుందని లేదు, వచ్చే అవకాశం మాత్రం పెరుగుతుంది. "జన్యువులతో పాటు మీ వంటిల్లు కూడా వారసత్వంగా వచ్చింది కదా" అని నవ్వింది. ఆ మాట నాలో ఉండిపోయింది.

40 దాటకుండా ఇంత ఎక్కువ ఉంటే వేరే కారణం ఏదైనా ఉందేమో చూడాలట. కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే జబ్బు ఒకటుంది, అది తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. అడ్రినల్ గ్రంథి నుంచి హార్మోను ఎక్కువగా ఊరినా బీపీ పెరుగుతుంది, కొందరికి పొటాషియం కూడా పడిపోతుంది. కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం మాకు ఎంతో దూరం కాదు, కిడ్నీ మాట వింటేనే కాళ్లు వణుకుతాయి. స్కానింగు, మూత్రంలో ప్రొటీన్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం, థైరాయిడ్, ఈసీజీ. అన్నీ బాగానే ఉన్నాయని తెలిసేదాకా నాలుగు రోజులు నాకు నిద్ర లేదు.

చివర్లో ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటి నాకు అసలు తట్టనిది. "నొప్పి మాత్రలు వాడతారా?" మిషను మీద వంగి వంగి నడుం నొప్పి, వారంలో నాలుగు రోజులైనా మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకునేదాన్ని. అవి బీపీ పెంచుతాయి, కిడ్నీకీ మంచివి కావు అంది. ఆ రోజే మానేశాను. కుర్చీ ఎత్తు మార్చాను, నడుం వ్యాయామాలు నేర్చుకున్నాను.

తర్వాత ఇంట్లో బీపీ మిషను కొన్నాను. ఇక్కడ నా వృత్తి అక్కరకొచ్చింది. చేతికి కట్టే పట్టీ మీద 22 నుంచి 32 సెంటీమీటర్లు అని రాసుంది. టేపు తీసి నా జబ్బ కొలిస్తే 34. చిన్న పట్టీ కడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. పెద్ద పట్టీ తెప్పించాను. వెన్ను ఆనించి, కాళ్లు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాటా పలుకూ లేకుండా కూర్చున్నాక, పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, ఏడు రోజులు చూశాను. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీస్తే 148/96 తేలింది. ఇంట్లో 135/85 దాటితే ఎక్కువ కిందే లెక్క. జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలో చివరి పేజీలు వీటికి కేటాయించాను.

మొదట ఎమ్లోడిపిన్ ఇచ్చారు. బీపీ దిగింది గానీ మూడు వారాలకి చీలమండలు వాచాయి. ఇరుగుపొరుగు మాత్ర ఆపెయ్యమన్నారు. నాన్న అలాగే ఆపేశాడు. 120 వచ్చింది, తగ్గిపోయింది కదా అని. మాత్ర వల్లే 120 వచ్చిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలకి చెయ్యి పడిపోయింది. నేను ఆపకుండా మాత్ర పెట్టెతో సహా డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాను. టెల్మిసార్టన్‌కి మార్చి, రెండు వారాలకి క్రియాటినిన్, పొటాషియం మళ్లీ చూశారు. ఇప్పుడు మాత్రలు ఇక్కడే ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ కౌంటరులో డబ్బు లేకుండా తెచ్చుకుంటున్నాను.

వంటింటి లెక్క అన్నింటికంటే కష్టమైంది. మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అంటే, మా ఐదుగురికి నెలకి 750 గ్రాములు. మేం నెలకి కిలో ప్యాకెట్లు రెండు కొనేవాళ్లం. దాని పైన ఆవకాయ, మజ్జిగ మిరపకాయలు, అప్పడాలు. సద్దెన్నంలో ఉప్పు, పక్కన ఎండుచేప. "ఉప్పు లేకుండా సద్దెన్నం ఏటే?" అని అమ్మ కంటతడి పెట్టుకుంది. సద్దెన్నం మానలేదు. దాంట్లో ఉల్లిపాయ, నిమ్మరసం, పచ్చిమిర్చి పెంచాం, ఉప్పు నెల నెలా కాస్త కాస్త తగ్గించాం. ఎండుచేప నెలకి రెండుసార్లే. ఎవరో సైంధవ లవణం వాడమన్నారు, అదీ సోడియమే. పొటాషియం కలిపిన ఉప్పు కొందామంటే డాక్టరమ్మ వద్దంది, నేను వేసుకునే మాత్రే పొటాషియం పెంచుతుందట. ఇప్పుడు ఒక ప్యాకెట్టు నెల దాటుతోంది. నా అంకెలు 126/82 దగ్గర తిరుగుతున్నాయి.

చెల్లి పాతపట్నంలో ఉంటుంది, 29 ఏళ్లు. చూపిస్తే తనకీ 144/94. పిల్లల కోసం చూస్తోంది గనక నా మాత్ర తను వేసుకోకూడదు, కడుపులో బిడ్డకి ప్రమాదం. డాక్టరుకి ఆ మాట ముందే చెప్పి వేరే మందు రాయించుకుంది.

తమ్ముడు సూరత్‌లో మగ్గాల మీద ఉంటాడు. వాడు చాన్నాళ్లు తప్పించుకున్నాడు. "నాకు కోపం రాదు కదే అప్పా" అనేవాడు. అప్ప అంటే మా వైపు అక్క. మొన్న ఆదివారం రాత్రి ఫోను చేశాడు. గదిలో ఎవరిదో బీపీ మిషను ఉందట. "నూట యాభై రెండు అప్పా. ఏటి చెయ్యాలి?" గొంతులో భయం తెలుస్తోంది. వెనక్కి ఆనుకుని కూర్చో, కాళ్లు కింద పెట్టు, ఐదు నిమిషాలు మాట్లాడకు, అప్పుడు మళ్లీ చూడు అన్నాను. వాడు ఫోను పెట్టెయ్యలేదు. నేనూ పెట్టలేదు. ఆ ఐదు నిమిషాలూ అక్కడ వాడు, ఇక్కడ నేను, మాట లేకుండా కూర్చున్నాం.