మే నెల ఎండలో మ్యాచ్

నిన్న మావాడి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వెళ్లాను. అనంతపురం, మే నెల, పొద్దున పదిన్నర. ఎర్రమట్టి గ్రౌండ్ పెనంలా కాలుతోంది. సెకండాఫ్‌లో వాడు పక్కకొచ్చి కూలబడి, "నాయనా, బూట్లలో కాళ్లు కాలిపోతున్నాయి" అన్నాడు. నీడకు తీసుకెళ్లి, మెడకు తడి టవల్ చుట్టి, మజ్జిగ తాగించేదాకా నాకు టెన్షన్ తగ్గలేదు.

ఫుట్‌బాల్ సీజన్‌ను ఎండాకాలానికి మార్చాలని కొన్ని దేశాల్లో చాలాకాలంగా వాదన ఉంది. ఐర్లండ్ లీగ్ 2003లోనే మార్చేసింది. చలికి, వానకి గ్రౌండ్లు బురదయ్యే చోట అది సరైన పనే. అక్కడ ఎండాకాలమంటే 20 డిగ్రీల చుట్టుపక్కల. మనకు తెల్లవారుజామున కూడా అంత చల్లగా ఉండదు!

ఎండ ముదిరే దేశాలు మాత్రం ఎండాకాలాన్ని వదిలి చల్లటి నెలలవైపు వస్తున్నాయి. ఖతార్‌లో 2022 ప్రపంచకప్‌ను నవంబరు, డిసెంబరుకు జరిపారు. జపాన్ జె-లీగ్ కూడా 2026 ఆగస్టులో మొదలై మరుసటి వేసవికి ముందే ముగిసే సీజన్‌కు మారాలని నిర్ణయించింది.

మన పిల్లల టోర్నమెంట్లు మాత్రం సెలవులున్నాయని మే నెలలోనే పెడతారు. దసరా సెలవులున్నాయి, సంక్రాంతి సెలవులున్నాయి. వాన తక్కువ జిల్లా మనది, చలికాలంలో గ్రౌండ్ హాయిగా ఉంటుంది. మే నెలలోనే తప్పదంటే పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదికి ముగించాలి. నిర్వాహకులకు ఇదే చెప్పాను. చూద్దామన్నారు.

రాత్రి వాడి అరికాళ్లకు కొబ్బరినూనె రాస్తుంటే, "తర్వాతి మ్యాచ్ ఎప్పుడు నాయనా?" అని అడిగాడు. ఎల్లుండి. మళ్లీ పదిన్నరకే.