గురక ఆగినప్పుడల్లా భయమే

మా బాబుకి నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు గురక మొదలైంది. జలుబు చేస్తే పిల్లలకి ముక్కు దిబ్బడేసి గురక రావడం మామూలే. వీడికి జలుబు తగ్గినా గురక తగ్గలేదు. నోరు తెరుచుకుని, మెడ వెనక్కి వాల్చి పడుకునేవాడు. ఫ్యాన్ తిరుగుతున్నా దిండు చెమటతో తడిసిపోయేది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టాడు. "వాళ్ళ తాతయ్య పోలికే అమ్మా, ఒళ్ళెరగని నిద్ర పడితే ఆయనా అంతే" అనేవారు అత్తయ్య.

నాకు భయమంతా ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు. పొట్ట, ఛాతీ ఎగసిపడుతూనే ఉండేవి, ముక్కు దగ్గర వేలు పెడితే మాత్రం గాలి తగిలేది కాదు. కొన్ని సెకన్లయ్యాక ఉలిక్కిపడి, గట్టిగా గాలి పీల్చి అటు తిరిగి పడుకునేవాడు. మళ్ళీ గురక వినబడితే నా ప్రాణం లేచొచ్చేది.

కరోనా టైంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్, అదే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే క్లిప్పు, ఇంట్లో ఉంటే వాడి వేలికి పెట్టాను. పెద్దవాళ్ళ కోసం చేసిన క్లిప్పు కదా, వాడి వేలికి వదులు. చేయి కదిపితే 84, అంతలోనే 97. ఏది నమ్మాలో తెలీక రాత్రంతా టెన్షన్. దానికంటే ఫోన్‌లో తీసిన వీడియోనే ఎక్కువ పనికొచ్చింది. అది చూడగానే పిల్లల డాక్టరుగారు ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపారు. టాన్సిల్స్ రెండూ దాదాపు ఒకదానికొకటి తగులుతున్నాయి, ఎక్స్‌రేలో ముక్కు వెనక ఉండే అడినాయిడ్ అనే కండ కూడా పెద్దదిగా కనబడింది. నిద్రలో గొంతు కండరాలు వదులైతే ఆ కాస్త దారీ మూసుకుపోతోందట.

ఆ డాక్టరుగారినే ఆక్సీమీటర్ సంగతీ అడిగాను. ఎర్ర కాంతినీ, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతినీ వేలిలోంచి పంపి రక్తంలో ఆక్సిజన్ లెక్కగడుతుందనీ, వేలు కదిలినా చల్లబడినా లెక్క తప్పుతుందనీ చెప్పారు. మామూలు క్లిప్పులు కొన్ని సెకన్ల సగటు చూపిస్తాయి కాబట్టి చటుక్కున పడి లేచే తగ్గుదల వాటిలో తెలియకపోవచ్చట. అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకొకటి: చాలామంది పిల్లల్లో ఆక్సిజన్ పడిపోకముందే మెదడు నిద్ర చెదరగొట్టి ఊపిరి అందేలా చేస్తుంది. అందుకే రాత్రంతా 97 ఉన్నా స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు, లేదని చెప్పలేం. నాలాంటి తల్లులందరికీ ఈ మాట తెలియాలని నా ఆశ.

స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరినీ ఆక్సిజన్‌నీ చూసే పరీక్ష, హైదరాబాద్‌లో చేయించాం. తలకి వైర్లు, ఛాతీకి, పొట్టకి బెల్టులు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం. కాలి బొటనవేలికి మెత్తటి సెన్సర్ చుట్టి టేపు వేశారు. దుప్పటి కింద ఆ వేలు ఎర్రగా వెలుగుతుంటే వాడికి భలే సరదా. రిపోర్టులో గంటకి 14 సార్లు ఊపిరికి అడ్డు అని వచ్చింది. పిల్లల్లో 1 దాటితేనే తేడా కింద లెక్క, 10 దాటితే తీవ్రం. ఆక్సిజన్ 78 దాకా పడింది. 80 కంటే తగ్గింది కాబట్టి టాన్సిల్స్, అడినాయిడ్ తీసేసే ఆపరేషన్ అయ్యాక రాత్రి ఇంటికి పంపం, మానిటర్ పెట్టి హాస్పిటల్లోనే ఉంచుతామన్నారు. మత్తు ప్రభావం, గొంతు వాపు ఉంటాయి కాబట్టి ఆ రాత్రి చాలా జాగ్రత్తగా చూడాలట.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక గొంతులో తెల్లటి పొర కనబడి చీము పట్టిందేమోనని కంగారుపడ్డాను. మానుతున్న పుండు మీద అలాగే కడుతుందట. చెవినొప్పి అని ఏడ్చేవాడు, గొంతు నొప్పే అలా చెవిలో తెలుస్తుందట. పెరుగన్నం మెత్తగా పిసికి, రాగిజావ చల్లార్చి కొంచెం కొంచెంగా పట్టాను. ఆ పొర ఊడే రోజుల్లో రక్తం రావచ్చనీ, నిద్రలో మాటిమాటికీ గుటక వేస్తుంటే గొంతులో చూడమనీ, రక్తం కనబడితే వెంటనే తీసుకురమ్మనీ గట్టిగా చెప్పారు. అదృష్టం, అలాంటిదేం జరగలేదు.

కొన్ని నెలలయ్యాక మళ్ళీ స్టడీ చేస్తే గంటకి 2, ఆక్సిజన్ 92 కంటే తగ్గలేదు. మిగిలిన ఆ కాస్తకి ముక్కులో స్ప్రే రాశారు. ఆకలి పెరిగింది, ఒళ్ళు చేస్తున్నాడు, పక్క తడపడం లేదు. రోజూ ఆక్సీమీటర్ పెట్టక్కర్లేదు, గురకా చెమటా తిరిగొస్తే మాత్రం వీడియో తీసుకుని రమ్మన్నారు.